ఎక్కించానని నమ్మకండి, దించి చూడండి

మా సంఘంలో ఒక లెక్కల సారు ఉండేవారు. రిటైరయ్యేదాకా బడిలో లెక్కలు చెప్పారు, సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగారు. బాణామతి జరుగుతోందన్న ఊరికీ, ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయన్న ఊరికీ, అమ్మవారు పూనిందన్న ఊరికీ బస్సెక్కి వెళ్ళడం, రెండు మూడు రోజులుండి అందరితో మాట్లాడటం, చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాసుకోవడం. సుమారు ముప్పై ఏళ్ళు ఇదే పని. ఆ తర్వాత ఒక కంప్యూటరు కొనుక్కుని, రెండు వేళ్ళతో టైపు నేర్చుకుని, ఆ నోటుబుక్కులన్నీ అందులోకి ఎక్కించారు. కొన్ని పేజీలు స్కాను కూడా చేశారు.

నేను కనిపించినప్పుడల్లా ఒకటే మాట అనేవారు. "వీటిని నెట్టులో పెట్టాలయ్యా. ఇక్కడుంటే నేను పోయినంక ఎవరికి పనికొస్తయి?"

"పెడదాం సార్, వచ్చే ఆదివారం కూర్చుందాం" అనేవాణ్ణి నేను.

ఆ ఆదివారం రానే లేదు. ఆయన పోయాక నాలుగు నెలలకు తీరిక చేసుకుని ఇంటికి వెళ్తే, వాళ్ళబ్బాయి "అది ఆన్ కావట్లేదంకుల్, పాత సామాన్లాయనకు వేసేశాం" అన్నాడు. నోటుబుక్కులూ అదే తక్కెట్లోకి వెళ్ళాయి. ఆ అబ్బాయిని తప్పు పట్టలేను. అందులో ఏముందో వాడికి తెలియదు. నాకు తెలుసు. తప్పు నాది.

మిగిలింది ఒక పెన్‌డ్రైవు. ఎప్పుడో "చూసి పెట్టు" అని నా చేతికిచ్చారు. అందులో ఇరవై మూడు ఫైళ్ళున్నాయి. ముప్పై ఏళ్ళ పనిలో ఇరవై మూడు ఫైళ్ళు. వాటిని నెట్టులోకి ఎక్కించే పని మొదలుపెట్టాక నాకు అర్థమైన సంగతులు మీతో చెప్పుకోవాలనిపించింది. ఇది కంప్యూటరు పాఠం కాదు. మనం ఇతరులను అడిగే ప్రశ్నలు మన పనికి మనమే వేసుకుంటున్నామా అన్న సంగతి.

మనం బాబాలను ఏమడుగుతాం? ఆధారం చూపించమంటాం. "మహిమ ఉంది గానీ అందరి ముందూ చూపించకూడదు" అంటే నవ్వుతాం. మరి "ఆ బాణామతి సంగతి మేము పరిశోధించాం, కాగితాలన్నీ మా ఇంట్లో ఉన్నాయి" అంటే? అదీ అలాంటిదే. ఎదుటివాడు తీసి చూడలేని ఆధారం ఆధారం కాదు. అది మన మాట మాత్రమే. మన మాటను నమ్మమని అడిగే హక్కు మనకెవరిచ్చారు?

దీని వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడన్నది అందరికీ గుర్తుంది. చెంచా అంచు విగ్రహానికి తగలగానే తలతన్యత వల్ల పాలు బయటికి లాగబడి, పల్చటి పొరలా విగ్రహం మీదుగా కిందికి జారతాయి. తెల్లరాయి మీద తెల్లటి పొర కనబడదు. పాలలో రంగు కలిపి శాస్త్రవేత్తలు అప్పుడే చూపించారు. దేశమంతా హేతువాద సంఘాలవాళ్ళు వీధుల్లో చేసి చూపించారు, కరపత్రాలు వేశారు. పదకొండేళ్ళు గడిచాయి. 2006 ఆగస్టులో ఉత్తరాది ఊళ్ళలో దేవుళ్ళు మళ్ళీ పాలు తాగారు. మళ్ళీ అవే ప్రశ్నలు, మళ్ళీ మొదటి నుంచి అవే జవాబులు. 1995 నాటి కరపత్రాలు చాలావరకు అలమరాల్లో చెదలకు ఆహారమవుతున్నాయి. పుకారుకు సంఘం లేదు, కార్యదర్శి లేడు, అయినా అది ప్రతిరోజూ నెట్టులోకి ఎక్కుతూనే ఉంది. జవాబు మాత్రం అలమరాలో ఉంది.

ఒకప్పుడు మనకు ఒక సాకు ఉండేది. ఫైళ్ళు ఎక్కించడం నిజంగానే కష్టం. డయలప్ రోజుల్లో 56కే మోడెమ్ అని అమ్మినదానిలో ఎక్కింపు వేగం మామూలుగా 33.6 కిలోబిట్లు దాటేది కాదు. తర్వాత టెలిఫోను తీగ మీద వచ్చిన ఏడీఎస్‌ఎల్‌లో మొదటి అక్షరం 'ఏ' అర్థమే అసమానం అని. దించుకునే దారి వెడల్పు, ఎక్కించే దారి ఇరుకు. 2004లో మన ప్రభుత్వం ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం చూడండి. కనీసం 256 కిలోబిట్ల వేగంతో దించుకోగలిగితే అది బ్రాడ్‌బ్యాండు అన్నారు. ఎక్కించే వేగానికి ఒక అంకె చెప్పలేదు. ఇంట్లో కూర్చున్నవాడు వింటాడు, చూస్తాడు, అంతేగానీ వాడి దగ్గర ప్రపంచానికి చెప్పడానికి ఏముంటుందిలే అన్నట్టు. ప్రవచనం చెప్పేవాడికి మైకు, వినేవాడికి చాప. అదే ఏర్పాటు.

లెక్క చూడండి. బిట్లు వేరు, బైట్లు వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వంద మెగాబైట్ల స్కాను ఫైలంటే సుమారు 8 లక్షల కిలోబిట్లు. 64 కిలోబిట్ల వేగంతో అది 12,500 సెకన్లు, అంటే దాదాపు మూడున్నర గంటలు. మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు మళ్ళీ మొదటికే. ఇవాళ 20 మెగాబిట్లతో ఎక్కించగలిగిన ఇంట్లో అదే ఫైలుకి 40 సెకన్లు. సాకు పోయింది. బద్ధకమే మిగిలింది.

ఇంకో ముచ్చట. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి ఫైళ్ళు పంపే ఎఫ్‌టీపీ పద్ధతిని మొదట రాసింది మన దేశంలో పుట్టి, కాన్పూరు ఐఐటీలో చదివిన అభయ్ భూషణ్. 1971 ఏప్రిల్‌లో ఆయన ఎంఐటీలో ఉండగా రాశారు. పుష్పక విమానంలో విజ్ఞానమంతా ఉందని వాదించే మిత్రులకు ఈ పేరు చెప్పండి. తేదీతో సహా, కాగితంతో సహా చూపించగలిగిన గొప్పతనం ఇది.

ఆ ఎఫ్‌టీపీ దగ్గరే నేను మొదటి పాఠం నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ కిందట మా కరపత్రాల స్కానులు కొన్ని ఒక సర్వరులోకి ఎక్కించాను. నీలం పట్టీ మెల్లగా పాకి నూరు శాతానికి చేరింది. "ఎక్కించేశాం" అని సమావేశంలో ప్రకటించాను, చప్పట్లు కొట్టారు. నెల తర్వాత ఎవరో తెరిచి చూస్తే ఒక్క బొమ్మా తెరుచుకోలేదు. కారణం ఏమంటే, ఎఫ్‌టీపీలో రెండు పద్ధతులుంటాయి. పాఠ్యం పంపే పద్ధతిలో, రెండు రకాల కంప్యూటర్ల మధ్య తేడా సర్దడానికి, వరస చివర వచ్చే గుర్తులను అది దారిలోనే మార్చేస్తుంది. ఉత్తరానికైతే అది మేలే. బొమ్మకు అదే విషం. నేను బొమ్మలను ఉత్తరాల పద్ధతిలో పంపాను.

నూరు శాతం పట్టీ చెప్పేది నా కంప్యూటరు ఎంత పంపిందన్నది మాత్రమే. అవతల ఏం చేరింది, ఏం మిగిలింది అన్నది అది చెప్పదు. హారతి వెలిగింది కాబట్టి దేవుడు విన్నాడనుకోవడానికీ, పట్టీ నిండింది కాబట్టి ఫైలు చేరిందనుకోవడానికీ తేడా ఏమిటి? పరీక్ష చాలా సులభం. ఎక్కించినదాన్ని మళ్ళీ దించండి, వీలైతే ఇంకొకరి కంప్యూటరులోకి. తెరిచి చూడండి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే హ్యాష్ ఉంది. ఫైలు మొత్తాన్ని ఒక లెక్కలోకి పంపిస్తే చివరికి ఒక వరస వస్తుంది. షా-256 అనే లెక్కలో అది 64 అంకెలూ అక్షరాలూ. దాన్ని ఫైలు వేలిముద్ర అనుకోండి. వెయ్యి పేజీల ఫైలులో ఒక్క చుక్క మారినా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ ఈ పని చేస్తాయి. డబ్బు పెట్టి కొనాల్సిందేమీ లేదు. ఎక్కించక ముందు ఒకసారి, దించాక ఒకసారి చూసుకోండి. రెండూ ఒకటైతే చేరినట్టు.

రెండో మూఢనమ్మకం, "నెట్టులో పెడితే ఇక శాశ్వతం" అన్నది. 2009 అక్టోబరు 26న జియోసిటీస్‌ను మూసేశారు. జపానులో తప్ప అంతటా లక్షల సొంత పేజీలు ఒక్క దెబ్బతో పోయాయి. స్వచ్ఛందంగా కొందరు ముందే కాపీ చేసుకున్నవే మిగిలాయి. సర్వర్లు మార్చే పనిలో, 2015కి ముందు జనం ఎక్కించిన పాటలను పోగొట్టుకున్నామని 2019లో మైస్పేస్ ఒప్పుకుంది. మన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతీ అంతే. దాని అసలు సైటు అందకుండా పోయాక కూడా అందులోని తెలుగు పుస్తకాలు ఇవాళ దొరుకుతున్నాయంటే, వాటిని ఇంకొకరు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీ చేసి పెట్టడం వల్లే. అలాగని ఆ ఆర్కైవ్‌ను గుడి చేయకండి. 2024 అక్టోబరులో దాని మీద దాడి జరిగి కొన్ని రోజులు అది తెరుచుకోలేదు, 3 కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయి. నెట్టు ఆకాశంలో లేదు. ఎవరిదో ఒకరి గదిలో, ఎవరో ఒకరు కరెంటు బిల్లు కడుతున్న యంత్రంలో ఉంది. అందుకే ఒక కాపీ ఇంట్లో, ఒకటి నెట్టులో, ఒకటి వేరే ఊళ్ళో స్నేహితుడి దగ్గర ఉండాలి.

మూడోది మన తెలుగువాళ్ళకు ప్రత్యేకం. సారు ఫైళ్ళు నేను తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపించాయి. పాత డీటీపీ ఫాంటులో టైపు చేశారు. ఆ పద్ధతిలో కంప్యూటరు దాచేది తెలుగు అక్షరాన్ని కాదు, ఏదో ఇంగ్లీషు అక్షరాన్ని. ఫాంటు దానికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేకపోతే వేషం లేదు. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది, కానీ మన పత్రికలూ ప్రెస్సులూ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పాత ఫాంట్లలోనే గడిపాయి. అలాంటి ఫైలును అలాగే ఎక్కిస్తే 'బాణామతి' అని వెతికినవాడికి అది ఎన్నటికీ దొరకదు. ఉంది, కానీ ఎవరికీ కనబడదు, ఎంత వెతికినా దొరకదు. ఇలాంటి వర్ణన మనం ఇంకెక్కడో విన్నాం కదా? ఫాంటు మార్చే ఉపకరణాలు ఉచితంగా ఉన్నాయి. వాటితో మార్చి, వత్తుల దగ్గరా పొల్లుల దగ్గరా వచ్చిన తప్పులు కూర్చుని దిద్దాను. ఫైలు పేరు కూడా 'స్కాన్ 1' అని కాకుండా ఏ సంవత్సరం, ఏ జిల్లా, ఏ విషయం అన్నది తెలిసేలా పెట్టాను.

హక్కుల మాట కూడా చెప్పాలి. "మంచి పని కోసమే కదా" అని ఇతరుల పుస్తకాలు ఎక్కించేయడం తగదు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. త్రిపురనేని రామస్వామి చౌదరి 1943లో పోయారు కాబట్టి ఆయన తన జీవితకాలంలో అచ్చువేసిన రచనలు 2004 నుంచి అందరివీ. గోరా 1975లో పోయారు. ఆయనవాటికి 2035 ముగిసేదాకా ఆగాలి, లేదా హక్కుదారులను అడగాలి. సారు నోట్సు కోసం నేను వాళ్ళబ్బాయి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. అడిగితే ఆ అబ్బాయి సంతోషంగా సంతకం పెట్టాడు. ముందే అడిగి ఉంటే కంప్యూటరే ఇచ్చేవాడేమో.

ఇక అసలు చిక్కు. ఇరవై మూడు ఫైళ్ళలో నాలుగింటిలో మనుషుల పేర్లున్నాయి. ఊరు పేరు, ఇంటి పేరు, ఫలానా ఆమెను బాణామతి చేస్తోందని ఊరివాళ్ళు పట్టుకుని కొట్టారని, పళ్ళు ఊడగొట్టారని, సారు వెళ్ళి పోలీసులను పిలిపించి, జబ్బుపడ్డవాళ్ళను ఆస్పత్రికి పంపి ఆమెను కాపాడారని. సారు చేసిన పనిలో ఇంతకంటే గొప్పది లేదు. దీన్నే ముందు ఎక్కించాలనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఆ ఊరు వెళ్ళాను. ఆమె ఉంది. ముసలిదైపోయింది. సారు పేరు చెప్పగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను వచ్చిన పని చెప్పాను.

"ఆయన దేవునసుంటోడు సారూ" అంది. సారు వినుంటే నొచ్చుకునేవారు. తర్వాత కాసేపు ఆగి అడిగింది. "గిప్పుడు నా పేరు ఫోన్లల్ల ఎక్కుతదా? మా మనుమరాలికి సంబంధాలు చూస్తున్నం."

నా దగ్గర జవాబు లేదు. ఊరు మరిచిపోయిన సంగతిని నేను, హేతువాదం పేరుతో, ప్రపంచమంతా వెతికితే దొరికేలా చేయబోతున్నాను. మంత్రగత్తె అన్న ముద్ర వల్ల ఆడవాళ్ళ ప్రాణాలు పోతూనే ఉన్నాయి కాబట్టే బీహారు 1999లో, ఝార్ఖండ్ 2001లో, అస్సాం 2015లో ప్రత్యేక చట్టాలు చేసుకోవాల్సి వచ్చింది. ఆ ముద్ర అబద్ధమని మనం రాసిన కాగితమే ఆ ముద్రను మోసుకెళ్తుంది. చదివేవాడు మన ముగింపు దాకా చదువుతాడని హామీ ఏమిటి?

పేర్లు తీసేస్తానని ఆమెకు మాటిచ్చి వచ్చాను. పీడీఎఫ్‌లో పేరున్న చోటల్లా నల్లపట్టీ గీశాను. ఎక్కించే ముందు మా సంఘంలో కాలేజీ చదువుతున్న ఒకమ్మాయికి చూపించాను. ఆ పిల్ల నల్లపట్టీ మీదుగా మౌసు లాగి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించింది. పేరు చక్కగా వచ్చి కూర్చుంది. పట్టీ పైన ఉంది, అక్షరాలు కింద అలాగే ఉన్నాయి. ఫోటోల సంగతీ చూపించింది. ఫోనుతో తీసిన ఫోటోలో తేదీ, చాలాసార్లు అక్షాంశ రేఖాంశాలతో సహా, ఫైలు లోపల దాగి ఉంటాయి. ఊరి పేరు చెరిపి ఫోటో పెడితే, ఆ ఇంటికి దారి మనమే చూపినట్టు. ఆ వేళ ఆ అమ్మాయి లేకపోతే నేను ఇచ్చిన మాట ఒక నల్లరంగు పూత. ఇప్పుడు పేర్లను అసలు పాఠ్యం నుంచే తీసేసి, కొత్తగా పీడీఎఫ్ చేసి, ఫోటోల లోపలి వివరాలు చెరిపి, అదే మౌసు పరీక్ష పెట్టి చూస్తున్నాం.

కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెప్పారు. న్యాయమైనదే. "పేరు లేదు, ఊరు లేదు. ఇలాగైతే 'మా మేనమామ కళ్ళారా చూశాడు' అనే భక్తుడికీ మనకూ తేడా ఏముంది?" అన్నారు. దీని మీద చాలా ఆలోచించాం. చివరికి చేసిందిది. పేర్లు తీసిన ఫైలులో తేదీ, జిల్లా, ఏం జరిగింది, సారు దేన్ని ఎలా పరీక్షించారు అన్నవి పూర్తిగా ఉంచాం. పేర్లున్న అసలు స్కానులు నెట్టుకి ఎక్కించలేదు. సంఘంలో ఇద్దరి దగ్గర విడివిడిగా భద్రపరిచాం. కానీ ఆ అసలు స్కానుల హ్యాష్‌ను మాత్రం బహిరంగంగా ఎక్కించాం. ఆ 64 గుర్తుల నుంచి ఎవరూ పేరు లాగలేరు. రేపు ఎవరైనా పరిశోధకుడో కోర్టో సరైన కారణంతో అసలు చూడాలంటే, ఆ రోజు మేము చూపించేది ఇవాళ్టి కాగితమేనని, మధ్యలో దిద్దలేదని వేలిముద్ర చెబుతుంది. ఇది స్కాను చేసిన పేజీలకే పనికొస్తుంది. ఒక్క పేరు మాత్రమే రాసిన చిన్న ఫైలైతే ఊహించిన పేర్లన్నీ వేసి సరిచూసి పట్టుకోవచ్చు. ఇంకో మాట, కాగితం మారలేదని మాత్రమే ఇది చెబుతుంది, కాగితంలో ఉన్నది నిజమని చెప్పదు. దానికి సారు చేసిన పరీక్షలనే తూచాలి.

"ఇంత అవసరమా, ఏదో రెండు కరపత్రాలకు" అనేవారూ ఉన్నారు. 2013 ఆగస్టు 20న పుణెలో నరేంద్ర దభోల్కర్‌ను కాల్చేశారు. 2015 ఫిబ్రవరి 26న ఢాకాలో అవిజిత్ రాయ్‌ను నరికేశారు. ఆయన 2001లో మొదలుపెట్టిన ముక్తమన మాత్రం ఆయనతో ఆగిపోలేదు. మనిషిని చంపితే రాత పోకుండా ఉండాలంటే అది ఒక ఇంట్లో, ఒక డిస్కులో ఉండకూడదు. మా సారును ఎవరూ చంపలేదు. పెద్దతనం వచ్చి మంచంలో పోయారు. అయినా ఆయన రాత దాదాపు పోయింది. దానికి హంతకుడు అక్కర్లేదు, "వచ్చే ఆదివారం" చాలు.

పందొమ్మిది ఫైళ్ళు ఎక్కించాం. దించి చూశాం, వేలిముద్రలు కలిశాయి. మిగతా నాలుగు పేర్లు తీసి ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాం. ఆ ముసలామె ఫైలు అన్నిటికంటే ఆఖర్న, ఆమె మనుమరాలి చేత ఒకసారి చదివించాకే ఎక్కుతుంది. వద్దంటే ఎక్కదు.

మీ ఇంట్లో కూడా ఒక అలమరా ఉండే ఉంటుంది. పాత సంచికలు, కరపత్రాలు, ఎవరో పెద్దాయన ఇచ్చిన నోటుబుక్కు. ఈ ఆదివారం ఒక్క ఫైలుతో మొదలుపెట్టండి. ఎక్కించాక పక్కింటి కంప్యూటరులో దించి చూడండి.